వేదిక హాస్యం, వంద ప్రతుల క్యాసెట్

గత భాగాల్లో హరికథలోని పిట్టకథల గురించి, బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే హాస్యగాడి గురించి, తోలుబొమ్మలాటలోని కేతిగాడు, బంగారక్కల గురించి చదువుకున్నారు. ఈ భాగంలో మన కాలానికి చెందిన ఒక రూపాన్ని తీసుకుందాం. ఒక మనిషి, ఒక మైకు, ఎదురుగా జనం. పాట లేదు, వేషం లేదు, వంత లేదు. దీన్ని ఇప్పుడు అందరూ స్టాండప్ కామెడీ అంటున్నారు. ఈ కళాకారుల్లో చాలామంది ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తారు. వారిలో కొందరు తమ ప్రదర్శనను రికార్డు చేసి, కొద్ది ప్రతులు మాత్రమే తీసి, ఆట అయ్యాక అక్కడికక్కడే అమ్ముకుంటారు. అలాంటి పరిమిత ప్రతుల హాస్య ఆల్బమ్ ఈ భాగానికి విషయం.

కొద్ది ప్రతులే ఎందుకు? పాటల క్యాసెట్ వేసినవాడు అది లక్షల్లో అమ్ముడుపోవాలని కోరుకుంటాడు. నవ్వించేవాడు మాత్రం వంద చాలంటాడు. మార్కెట్ లేకపోవడం ఒక కారణమే కాని, అదొక్కటే కారణం కాదు. ఈ ప్రశ్నను పట్టుకొని వెళితే హాస్యం ఎలా పనిచేస్తుందో, రికార్డింగ్ దాన్ని ఏం చేస్తుందో కొంత తెలుస్తుంది.

నాచారంలో ఒక సాయంత్రం

1988 దసరా. అప్పటికి నేను లెక్చరర్‌గా చేరి నాలుగేళ్లు. నాచారంలో అద్దెకు ఉండేవాణ్ని. మా ఇంటి ఓనరు పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఆయుధపూజకు యంత్రాలన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, సాయంత్రం షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలో ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. "రాండ్రి సార్, మిమిక్రీ ఆయన వస్తుండు, మస్తు నవ్విస్తడంట" అని నన్ను కూడా తీసుకెళ్లాడు.

వచ్చిన కళాకారుడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన పేరున్న మనిషి కాదు. కాజీపేట, రామగుండం, గోదావరిఖని, కొత్తగూడెం: రైల్వే కాలనీలు, బొగ్గు గనుల కాలనీలు, ఫ్యాక్టరీ యూనియన్ల సభలు, ఇవే ఆయన తిరిగే దారి. స్టాండప్ అనే మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. పోస్టరు మీద "ధ్వన్యనుకరణ - హాస్యవల్లరి" అని ఉన్నట్టు గుర్తు. మిమిక్రీ ఆయన ప్రదర్శనలో పావు భాగమే. మిగిలిన ముప్పావు భాగం ఈనాటి స్టాండప్ కళాకారులు చేసే పనే: తన పెళ్లి, తన అప్పులు, బస్సు ప్రయాణాలు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు.

సైరన్‌తో మొదలుపెట్టాడు. ముందు రోజే వచ్చి వీధులన్నీ తిరిగాడట. ఏ ఫ్యాక్టరీ సైరన్ ఎలా కూస్తుందో విని, ఒక్కొక్కటీ నోటితో కూసి చూపించాడు. ఒకటి దీర్ఘంగా, ఒకటి గొంతు బొంగురుపోయి, ఒకటి మధ్యలో ఆగి మళ్లీ మొదలై. ప్రతి కూతకూ జనంలో ఒక మూల నుంచి మాత్రమే కేక లేచేది, ఎందుకంటే ఆ సైరన్ వాళ్లదే. అరగంట తర్వాత ఆయన వేరే కథేదో చెబుతుండగా పక్క ఫ్యాక్టరీలో నిజంగానే షిఫ్ట్ సైరన్ మోగింది. ఆయన ఆగాడు. మొత్తం కూత వినిపించేదాకా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తర్వాత తాపీగా, "నాకంటె బాగనే చేసిండు" అన్నాడు. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు.

ఆట అయ్యాక ఒక రెగ్జిన్ సంచి తెరిచి క్యాసెట్లు తీశాడు. లేబుల్ మీద చేత్తో రాసిన అక్షరాలు. ఇరవై ఐదు రూపాయలు. నేనొకటి కొన్నాను. ఎన్ని తీశారని అడిగితే వంద అన్నాడు. "ఖాళీ క్యాసెట్ పన్నెండు రూపాలు పడ్తది. ఇంట్ల రెండు టేప్ రికార్డర్లు పెట్టి ఒక్కొక్కటి ఎక్కిస్త. వంద అయిపోతె బంద్." మరి వెయ్యి తీయొచ్చు కదా అన్నాను. ఆయన చెప్పిన జవాబు ఆ తర్వాత ఎన్నో తరగతుల్లో నేను వాడుకున్నాను: "వెయ్యి తీస్తె నాకంటె ముందు నా క్యాసెట్టే ఊరికి పోతది సార్. ఇంక నన్నెందుకు పిలుస్తరు?"

ఇంటికి వెళ్లి విన్నాక నాకు ఇంకో సంగతి తెలిసింది. ఆ క్యాసెట్‌లో నాచారం లేదు. అది అంతకుముందెప్పుడో కాజీపేట రైల్వే కాలనీలో రికార్డు చేసింది. సైరన్ల బదులు రైలింజన్ల కూతలున్నాయి. మేం పొట్ట పట్టుకొని నవ్విన జోకులకే ఇంకెవరో నవ్వుతున్నారు. మరి మేం నవ్విన నవ్వు ఎక్కడికి పోయింది?

జోకుకు ఆయుష్షు ఎంత?

పాట విన్నకొద్దీ దగ్గరవుతుంది. తర్వాతి చరణం తెలిసినందువల్ల వినడంలో సుఖం తగ్గదు. హాస్యంలో ఎక్కువ భాగానికి ఈ అదృష్టం లేదు. జోకులో రెండు భాగాలుంటాయి. మొదటిది వినేవాడిలో ఒక ఊహను కడుతుంది, రెండోది దాన్ని ఒక్కసారిగా పక్కకు తిప్పుతుంది. ఎటు తిరగబోతోందో ముందే తెలిస్తే ఆ తిప్పడంలో బలం ఉండదు. కాబట్టి ఒక ఊళ్లో ఒకసారి బాగా పేలిన జోకు ఆ ఊరికి సంబంధించినంత వరకు ఖర్చయిపోయినట్టే.

ఊళ్లు తిరిగే కళాకారుడికి ఇది ఆర్థిక సమస్య. గంటసేపు నిలబెట్టగలిగే సరుకు తయారు కావడానికి ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలు. ఒక్కొక్క మాటను జనం మీద పరీక్షించి, నవ్వు రానివాటిని తీసేసి, వచ్చినవాటి క్రమం మార్చి, మళ్లీ చెప్పి చూసుకోవాలి. ఆ గంటను పట్టుకొని ఆయన యాభై ఊళ్లు తిరగగలడు. ఆ గంటే రికార్డయి అన్ని ఊళ్లకూ ఒకేసారి చేరితే, యాభై రోజుల కూలి ఒక్క రోజులో చేతులు దాటిపోయినట్టు. పైగా క్యాసెట్ల కాలంలో ఒకటి కొంటే పది కాపీలు తీసేవారు. ఆ కాపీల మీద ఆయనకు పైసా రాదు. వంద దగ్గర ఆగడం ఆయన వేసుకున్న లెక్క.

అయితే హాస్యమంతా ఒకేలా అరిగిపోదు. ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఎన్.టి. రామారావు నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టి, 1977 సంక్రాంతికి విడుదలైన దానవీరశూరకర్ణ చిత్రాన్ని అక్కడే తీశారు. కొండవీటి వేంకటకవి రాసిన ఆ సంభాషణలు క్యాసెట్లుగా ఊరూరా మోగాయి. పెళ్లి పందిళ్లలో, హోటళ్లలో, వినాయక మండపాల్లో జనం వాటిని పాటల్లాగే మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. తర్వాత ఏ మాట వస్తుందో అందరికీ కంఠతా వచ్చు. అయినా విన్నారు. దీన్నిబట్టి మాటలు రికార్డయితే చాలు పాడైపోతాయని చెప్పలేం. ఆశ్చర్యం మీద నిలబడినది త్వరగా అరుగుతుంది. గొంతు మీద, పాత్ర మీద, మాట విరుపు మీద నిలబడినది చాలాకాలం మన్నుతుంది. ఓరుగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ (1932-2018) ప్రదర్శనలను మళ్లీ మళ్లీ వెళ్లి చూసినవారు ఉండటానికి కారణం ఇదే. ఆయన ఎవరి గొంతు తీస్తాడో తెలిసి కూడా వెళ్లేవారు. ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి ప్రదర్శన ఇచ్చిన ఆ కళాకారుడికి 2001లో పద్మశ్రీ వచ్చింది.

ఇక మూడో రకం ఉంది. అది అసలు రికార్డు కోసం పుట్టదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం గుర్తు తెచ్చుకోండి. పృచ్ఛకుడు అడ్డదిడ్డమైన ప్రశ్న వేస్తాడు, అవధాని అక్కడికక్కడే చమత్కారంగా బదులిస్తాడు. సభ ఘొల్లుమంటుంది. ఇంటికొచ్చి అదే మాట చెబితే వినేవాళ్లు మొహమాటానికి నవ్వుతారు. నాచారంలో సైరన్ మోగినప్పుడు ఆయనన్న నాలుగు మాటలు ఈ జాతివే. అవి కాగితం మీద ఏమంత గొప్పగా లేవని మీకు పై పేజీలో అనిపించే ఉంటుంది. అక్కడున్న మూడు వందల మందిని అడగాలి.

లీవర్ ఫ్యాక్టరీ నుంచి క్యాసెట్ దాకా

ఫ్యాక్టరీ సభ నుంచి హాస్య క్యాసెట్ దాకా నడిచినవారిలో అందరికీ తెలిసిన పేరు జానీ లీవర్. హిందీ సినిమాల ద్వారానే ఆయన మనకు పరిచయం. ఆయన అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957లో ప్రకాశం జిల్లా కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. తండ్రి బొంబాయిలో హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీ కార్మికుడు. ఇంట్లో ఇబ్బందుల వల్ల ఏడో తరగతితో చదువు ఆగింది. సినిమా నటుల గొంతులు అనుకరిస్తూ, వారి పాటలకు చిందులు వేస్తూ బొంబాయి వీధుల్లో పెన్నులు అమ్మాడు. తర్వాత తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే కూలీగా చేరాడు.

అక్కడ జరిగినది మన పాఠానికి ముఖ్యం. కార్మికుల సభ ఒకదానిలో ఆయన కంపెనీ పైఅధికారులను అనుకరించి చూపించాడు. జనం నవ్వాపుకోలేక, ఇకమీద నీ పేరు జానీ లీవర్ అన్నారు. సినిమా నటుడి గొంతు ఎవరైనా గుర్తుపడతారు. ఫలానా మేనేజరు నడక, ఫలానా సూపర్‌వైజరు కసురు మాత్రం ఆ గేటు లోపల పనిచేసేవారికే తెలుసు. నాచారంలో సైరన్లు విన్న మా ఓనరుకూ ఇదే జరిగింది. రోజంతా తనను నడిపించే శబ్దం సాయంత్రం తన ముందు కోతిలా గంతులేస్తుంటే కార్మికుడు నవ్వే నవ్వులో కొంచెం కసి కూడా ఉంటుంది.

ఆ తర్వాత ఆయన సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో వేదికలెక్కాడు. 1981లో ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేశాడు. 1982లో అమితాబ్ బచ్చన్‌తో కలిసి ఆ బృందం చేసిన విదేశీ పర్యటనలో పాల్గొన్నాడు. సినిమా ప్రవేశం కూడా 1982లోనే, దర్ద్ కా రిష్తాతో. ఇంటింటా ఆయన గొంతును పరిచయం చేసినది మాత్రం హంసీ కే హంగామే అనే హాస్య క్యాసెట్. బాజీగర్ (1993) లాంటి సినిమాలు ఆయన ముఖాన్ని దేశమంతా చూపించడానికి ముందే ఆ గొంతు వినేవారు ఉన్నారు.

వంద క్యాసెట్ల కళాకారుడి లెక్క ప్రకారమైతే జానీ లీవర్ వేదిక జీవితం ఈ క్యాసెట్‌తో దెబ్బతినాలి. అలా జరగలేదు. ఇందుకు నాకు తోచే కారణం ఒకటి చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆయన హాస్యంలో శరీరం పెద్ద భాగం. కళ్లు, మెడ, మోకాళ్లు, ఒక్క క్షణంలో మారిపోయే ముఖం. ఇవేవీ టేపు మీదికి ఎక్కవు. క్యాసెట్ విన్నవాడికి సగమే అందుతుంది, ఆ సగం మిగతా సగాన్ని చూడాలనిపిస్తుంది. గొంతొక్కటే పెట్టుబడిగా ఉన్న మా కాజీపేట కళాకారుడికి ఆ సౌకర్యం లేదు. ఆయన క్యాసెట్ విన్నవాడు ఆయన్ను దాదాపు మొత్తం విన్నట్టే.

హ్యూస్టన్‌లో చేసిన రెండు రికార్డులు

అమెరికాలో హాస్య ఆల్బమ్‌కు పాత చరిత్ర ఉంది. గ్రామఫోన్ 78 వేగం రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పాడేది కాబట్టి అందులో చిన్న హాస్య సంభాషణలే పట్టేవి. 1948లో ఎల్.పి. రికార్డు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా దొరికింది. పూర్తి ప్రదర్శనను ఇంట్లో కూర్చొని వినడం అప్పటి నుంచే సాధ్యమైంది. నల్లజాతి హాస్యకారుడు రెడ్ ఫాక్స్ 1956లో మొదలుపెట్టి వేసిన రికార్డులు పెద్దలకు మాత్రమే తగినవి. వాటిని చాలా దుకాణాల్లో బల్ల కిందినుంచి తీసి ఇచ్చేవారు. అది కూడా ఒక రకం పరిమిత విడుదలే. ప్రతుల సంఖ్యను బట్టి కాదు, ఎవరి చేతికి ఎలా చేరుతుందన్నదాన్ని బట్టి.

మిగిలిన రెండు ఉదాహరణలు యాదృచ్ఛికంగా ఒకే ఊరివి. బాబ్ న్యూహార్ట్ అకౌంటెంటుగా పనిచేసిన మనిషి. ఆయన టెలిఫోన్ సంభాషణలు విని వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీ ఆల్బమ్ వేస్తామంది. జనం ముందు రికార్డు చేయాలన్నారు. అప్పటికి ఆయన నైట్ క్లబ్బులో ఎన్నడూ ప్రదర్శన ఇవ్వలేదు. 1960 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లోని టైడ్‌ల్యాండ్స్‌లో రికార్డు చేశారు. ఆ ఆల్బమ్ అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరి, మరుసటి ఏడాది గ్రామీ పురస్కారాల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. పాటల ఆల్బమ్‌లను దాటి. న్యూహార్ట్ విషయంలో రికార్డు ముందు వెళ్లింది, మనిషి దాని వెనక ఊళ్లు తిరిగాడు.

మిచ్ హెడ్‌బర్గ్ (1968-2005) దారి వేరు. ఏళ్ల తరబడి క్లబ్బులు తిరిగాక, 1999లో అదే హ్యూస్టన్‌లో లాఫ్ స్టాప్ అనే చోట తన మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేసుకున్నాడు. పేరు స్ట్రాటజిక్ గ్రిల్ లొకేషన్స్. దాన్ని తానే విడుదల చేసుకున్నాడు. 2003లో గాని ఒక కంపెనీ దాన్ని మళ్లీ అందరికీ అందేలా వేయలేదు. ఈ ఆల్బమ్‌లో పేలని జోకులను తీసేయలేదు. జోకు పడిపోయినప్పుడు ఆయన దాని మీదే వ్యాఖ్యానం చేస్తాడు, ఆ వ్యాఖ్యానానికి జనం నవ్వుతారు. పెద్ద కంపెనీ అయితే ఆ నిశ్శబ్దాలను కత్తిరించమనేదేమో. సొంతంగా, కొద్దిమంది కోసం వేసుకున్న రికార్డులో ప్రదర్శన తన పొరపాట్లతో సహా మిగిలింది. పరిమిత విడుదలకు ఉన్న ఒక గుణం ఇది. దాన్ని కొనేవాడు అప్పటికే అభిమాని కాబట్టి, అతన్ని మెప్పించడానికి నున్నగా చేయాల్సిన అవసరం ఉండదు.

నవ్వు కూడా పాఠమే

హాస్య ఆల్బమ్‌ను విశ్లేషించేటప్పుడు విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. కళాకారుడి మాటలను మాత్రమే రాసుకుంటారు. అలా రాసిన కాగితం చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది. జనం నవ్వు కూడా ఆ పాఠంలో భాగమని గుర్తించాలి. నవ్వు ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంది, కళాకారుడు అది పూర్తిగా ఆగేదాకా చూశాడా, తగ్గుతుండగానే తర్వాతి మాట అందుకున్నాడా: ఇవన్నీ కూర్పులో భాగాలే. అనుభవం ఉన్నవాడు నవ్వు పతాక స్థాయి దాటి దిగుతున్నప్పుడు మాట కలుపుతాడు. కొత్తవాడు శిఖరం మీదే మాట్లాడి తన జోకును తానే ముంచుకుంటాడు.

నవ్వు రికార్డు కావడానికి సాంకేతికంగా వేరే ఏర్పాటు ఉండాలి. కళాకారుడి చేతిలోని మైకు దగ్గరి గొంతునే పట్టుకుంటుంది. దానితోనే రికార్డు చేస్తే ఖాళీ గదిలో మాట్లాడినట్టు వస్తుంది. అందుకని జనం వైపు తిప్పి ఇంకో రెండు మైకులు పెట్టి, తర్వాత రెండింటినీ తగిన పాళ్లలో కలుపుతారు. వంద ప్రతుల క్యాసెట్లలో ఈ ఏర్పాటు ఉండేది కాదు. జనం మధ్య ఒక బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టేవారు. దానివల్ల ఒక విచిత్రమైన లాభం: ఆ బల్ల పక్కన కూర్చున్నవాళ్లు పేరు పేరునా వినిపిస్తారు. నా క్యాసెట్‌లో ఒక ముసలాయన ప్రతి జోకు తర్వాతా, అందరి నవ్వూ అయిపోయాక, ఒక్కడే నవ్వుతాడు. పక్కవాళ్లు వివరించి చెబుతున్నారని నా అనుమానం.

ఇక్కడ మీకు ఒక అభ్యాసం. ఏదైనా తెలుగు స్టాండప్ ప్రదర్శన నుంచి ఐదు నిమిషాలు తీసుకోండి. మాటలు రాయండి. నవ్వు వచ్చిన ప్రతిచోటా గీత గీసి, ఎన్ని సెకన్లు ఉందో పక్కన వేయండి. ముందు చెప్పిన మాట చాలాసేపటి తర్వాత తిరిగి వచ్చినచోట, వాళ్ల భాషలో కాల్‌బ్యాక్ అనే చోట, చుక్క పెట్టండి. ఎక్కువమంది కాగితాల్లో పెద్ద నవ్వులు చుక్కల దగ్గరే ఉంటాయి. ఆ నవ్వు, ముందు నుంచి కూర్చొని విన్నందుకు జనానికి దొరికే ప్రతిఫలం. మధ్యలో వచ్చినవాడికి అది అర్థం కాదు.

ఇప్పటి ఉప్పల్ చౌరస్తాలో క్యాసెట్ల బండి లేదు. దాని మీదుగా మెట్రో పోతోంది, కింద నిలబడ్డవాళ్లందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతోంది. స్టాండప్ క్లిప్పులు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అయినా నగరంలో ఏ కేఫ్‌లో ప్రదర్శనకు వెళ్లినా మొదట వినిపించే మాట, దయచేసి ఫోన్లు లోపల పెట్టుకోండి, రికార్డు చేయకండి అనే. 1988లో వంద దగ్గర ఆగినవాడి భయమే ఇది. ఇందులో ఇంకో తమాషా గమనించండి. చాలామంది కళాకారులు తామే యూట్యూబ్‌లో పెట్టేవి ఎక్కువగా జనంతో అప్పటికప్పుడు జరిపిన సంభాషణలు. మళ్లీ చెప్పడానికి వీల్లేని ఆశువును ఉచితంగా ఇచ్చేస్తున్నారు. రాసుకొని, చెక్కుకొని, ఊరూరా చెప్పాల్సిన గంటను దాచుకుంటున్నారు. పర్యటన ముగిశాక గాని దాన్ని బయటపెట్టరు. అప్పుడది ఎలాగూ ఖర్చయిపోయిన సరుకే.

హక్కుల సంగతి

ఈ విషయం క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హాస్య ఆల్బమ్‌లో ఒకటి కన్నా ఎక్కువ హక్కులుంటాయి. రాసుకున్న పాఠం సాహిత్య రచన, దాని మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ధ్వని ముద్రణ వేరే ఆస్తి, అది ప్రచురణ నుంచి 60 ఏళ్లు, సాధారణంగా ముద్రణకు డబ్బు పెట్టినవారిది. ప్రదర్శకుడిగా కళాకారుడికి వేరే హక్కు ఉంది, దానికి 50 ఏళ్లు. జోకులోని ఆలోచనకు మాత్రం రక్షణ లేదు, దాన్ని చెప్పిన తీరుకే. 2021 చివర్లో స్పాటిఫై అనేకమంది హాస్యకారుల ఆల్బమ్‌లను తన వేదిక నుంచి తొలగించింది. కారణం ఈ మొదటి హక్కే. పాట రాసినవారికి ఇచ్చినట్టే జోకు రాసినవారికి కూడా, ముద్రణకు ఇచ్చే డబ్బు కాక, విడిగా చెల్లించాలని కళాకారుల తరఫు సంస్థ అడిగింది. ఒప్పందం కుదరలేదు. వినేవారికి ఒక ఉదయం ఆ ఆల్బమ్‌లు కనబడలేదు.

నా దగ్గర మిగిలినది

క్యాసెట్ పెట్టెను మీలో చాలామంది చూసి ఉండకపోవచ్చు. అరవై నిమిషాల క్యాసెట్‌లో దాదాపు తొంభై మీటర్ల సన్నని ప్లాస్టిక్ రిబ్బను ఉంటుంది, దాని మీద ఇనుప ఆక్సైడ్ పూత. పెట్టె పై అంచున రెండు చిన్న పలకలుంటాయి, ఒక్కో వైపుకు ఒకటి. ఆ పలకను స్క్రూడ్రైవరుతో విరిస్తే ఆ వైపు మళ్లీ రికార్డు చేయడం కుదరదు. కంపెనీ క్యాసెట్లు విరిచే వచ్చేవి. ఇంట్లో ఎక్కించినవి మనమే విరుచుకోవాలి. కాజీపేట కళాకారుడు విరవలేదు. నేనూ విరవలేదు.

నాలుగైదేళ్లకు మా అమ్మాయి మాటలు నేర్చుకుంటున్నప్పుడు ఇంట్లో ఖాళీ క్యాసెట్ కోసం వెతికితే ఇది దొరికింది. అడిగితే నేనే తీసుకోమన్నాను. అప్పటికి నేను డాక్టరేట్ పూర్తి చేసినవాణ్ని. నా బీరువాలో హరికథల నోటు పుస్తకాలు, జానపద గేయాల టేపులు జాగ్రత్తగా తారీఖులు వేసి ఉన్నాయి. వాటి మీద చిన్నపిల్ల పద్యాలు ఎక్కిస్తానంటే ఒప్పుకునేవాణ్ని కాదు. ఫ్యాక్టరీలో నవ్వించిన ఆయన క్యాసెట్‌ను సాహిత్యంగా నేను లెక్కపెట్టలేదు. ఇన్నేళ్లు ఈ పాఠం చెబుతూ వచ్చినవాణ్ని, ఈ సంగతి దాచడం సబబు కాదు.

పదవీ విరమణ తర్వాత పాత టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు అది బయటపడింది. టేపు ఒకచోట అతుక్కుపోయింది, పెన్సిల్ దూర్చి తిప్పితే కదిలింది. మిగతా ప్రతుల కోసం అప్పటి నాచారం మిత్రుల్ని అడిగాను. మా ఓనరు ఇప్పుడు లేరు. వాళ్లబ్బాయి, టేప్ రికార్డర్‌తో పాటు క్యాసెట్లన్నీ పాత సామాన్లవాడికి వేసేశామన్నాడు. కళాకారుడి గురించి కాజీపేటలో ఆరా తీశాను. చాలా ఏళ్ల కిందటే చనిపోయారని తెలిసింది. ఆయన ఇంట్లో కూడా ప్రతి లేదు. వందలో మిగిలినది నాకు తెలిసినంతలో ఈ ఒక్కటే.

మొదటి వైపు అంతా మా అమ్మాయి గొంతు. రెండో వైపు సగం దాకా కూడా అదే: అంకెలు, వారాల పేర్లు, వెనకాల వాళ్లమ్మ అందిస్తున్న మాట. తర్వాత టప్పుమని ఒక శబ్దం, వెంటనే కాజీపేట రైల్వే కాలనీ. పదకొండు నిమిషాలు. దూరంగా ఇంజన్ కూస్తుంది, ఆయన ఆగుతాడు. కూత అయిపోయాక "గొడుగు" అంటాడు. అంతే, ఒక్క మాట. జనం ఎంతసేపు నవ్వుతారంటే నేను గడియారం పెట్టి చూశాను, ఇరవై రెండు సెకన్లు. చివర్లో ముసలాయన ఒక్కడే. గొడుగు కథ మొదటి వైపున ఉంది.